గప్పీల అటక మీద ఏముంది?

ప్రశ్న: మా అక్వేరియంలో పుట్టిన గప్పీ పిల్లల్లో మగవాటికే తండ్రి రంగులు వస్తున్నాయి. ఆడవన్నీ బూడిదరంగే. ఎందుకని? మగ క్రోమోజోమ్ అరిగిపోతుందంటారు కదా, చేపల్లోనూ అంతేనా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: దోమల కోసం మా మేడ మీద తొట్టిలో వేసిన గప్పీలను చూస్తూ కాఫీ చల్లార్చుకునే మనిషిని నేను. మీ ప్రశ్న భలే నచ్చిందమ్మా.

గప్పీల్లోనూ మనలాగే మగవాటికి ఎక్స్, వై క్రోమోజోములు. మీరన్న మగ క్రోమోజోమే ఈ వై. ఆడవాటికి రెండూ ఎక్స్‌లే. రంగుమచ్చల జన్యువులు చాలావరకు వై మీద ఉంటాయి. వీపు రెక్క మీది నల్లమచ్చ తండ్రి నుంచి కొడుకులకే వస్తుందని డెన్మార్క్ శాస్త్రవేత్త యొహానెస్ ష్మిట్ 1920లోనే చూపించారు. కొన్ని రంగులు ఎక్స్ మీదా ఉంటాయి. ఆడచేపకు మగ హార్మోన్ ఇస్తే అవి బయటపడతాయి. (మీరు ప్రయత్నించకండి!)

ఇక అరుగుడు సంగతి. మనిషి వై పొట్టిదే. కానీ కొన్ని గప్పీల్లో వై, ఎక్స్ కన్నా పొడుగు! అలాగని అందులో జన్యువులేమీ ఎక్కువ లేవు. 'జి-ఎ-టి-ఎ' లాంటి చిన్న డీఎన్ఏ అక్షరాల ముక్కలే మళ్లీమళ్లీ, వరసపెట్టి ఉంటాయి. వీర్యకణాలు తయారయ్యేటప్పుడు ఎక్స్, వై ముక్కలు మార్చుకుంటాయి. వై మీద ఆ మార్పిడి ఆగిన చోట ఇలాంటి చెత్తను ఏరేసే దారి దాదాపు మూసుకుపోతుంది. ఎవరూ ఎక్కని అటక మీద పాత సామాను పేరుకున్నట్టే. పైగా ఒకే జాతి అయినా, ఈ పేరుకుపోవడం అన్ని గప్పీల్లో ఒకేలా లేదు. మీ తొట్టిలో వై, మా తొట్టిలో వై ఒకే పొడుగు ఉండాలని లేదు.