రాబర్ట్ ఫిట్జ్‌రాయ్ అంటే డార్విన్ ఎక్కిన ఓడ కెప్టెన్ మాత్రమేనా?

కాదు, ప్రజల కోసం రోజూ వాతావరణ సూచన ఇచ్చే పనిని బ్రిటన్‌లో మొదలుపెట్టింది ఈ నౌకాదళ అధికారే (1805-1865). 1831-36 నాటి బీగిల్ ఓడ యాత్రలో డార్విన్ వెంట ఉండటంతో ఆయనకు డార్విన్ ఓడ కెప్టెన్ అన్న ఒక్క పేరే మిగిలిపోయింది. మధ్యలో న్యూజిలాండ్ గవర్నర్‌గా కూడా చేశాడు, అది అంత బాగా సాగలేదు.

1854లో ఆయన్ను ప్రభుత్వ వాతావరణ విభాగానికి అధిపతిని చేశారు. అసలు పని ఓడల నుంచి గాలి, పీడనం లెక్కలు పోగుచేయడమే. అయితే 1859 అక్టోబరులో వేల్స్ తీరంలో రాయల్ చార్టర్ అనే ఓడ తుపానులో పగిలి 400 మందికి పైగా చనిపోయారు. తుపాను కన్నా టెలిగ్రాఫ్ వేగంగా వెళ్తుంది కదా, ముందే కబురు పంపితే ఓడలు రేవులోనే ఆగుతాయన్నది ఆయన ఆలోచన.

అలాగే చేశాడు కూడా: 1861 నుంచి ఆయన కబురు అందగానే రేవుల్లో స్తంభాలకు శంకువులు, డ్రమ్ముల ఆకారాలు ఎగరేసేవారు. మన విశాఖ, మచిలీపట్నం రేవుల్లో ఎగరేసే ప్రమాద సూచికలదీ దాదాపు ఇదే పద్ధతి. అదే ఏడాది ఆగస్టులో పత్రికలో రోజువారీ సూచన మొదలైంది.

ఆయన సూచనలు తప్పాయి కాబట్టి పని మొత్తం విఫలమైందని చాలామంది అనుకుంటారు. తప్పిన మాట నిజమే, పత్రికలు ఎగతాళి చేశాయి కూడా. ఆయన మాత్రం ఇది జోస్యం కాదని మొదటి నుంచీ చెబుతూనే వచ్చాడు. ఆయన చనిపోయాక 1866లో హెచ్చరికలు ఆపేస్తే, సముద్రం మీద బతికేవాళ్లే కావాలని పట్టుబట్టారు. మరుసటి ఏడాదే మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది.