బాగుచేసిన పాత వాల్వు యాంప్లిఫయర్‌ను అమ్మేటప్పుడు ఏం చెప్పాలి?

నాన్నగారి వాల్వు యాంప్లిఫయర్‌ను (ట్రాన్సిస్టర్లకు బదులు గాజు గొట్టాల్లాంటి వాల్వులతో పనిచేసేది) బాగుచేయించానని, లోపల భాగాలు మార్చిన సంగతి చెబితే ధర పడిపోతుందేమోనని మీరు అడిగారు. చెప్పండి, ఒక్కటి కూడా దాచకుండా చెప్పండి. నేను చెన్నైలో పెరంబూరులో ఉంటాను. ఇలాంటివి మూడు బాగుచేసి అమ్మాను. మొదటిసారి ఒక్క మాట చెప్పకపోవడం వల్ల చక్కగా పాడుతున్న యాంప్లిఫయర్ కాలిపోయింది.

అది ఈఎల్84 అనే రకం వాల్వులు రెండున్న చిన్న పెట్టె. రిచీ స్ట్రీట్‌లో కండెన్సర్లు కొని, రెండు వారాలు రాత్రిళ్లు కూర్చుని బాగుచేశాను. కొన్న ఆయన ఇంటికి తీసుకెళ్లి, స్పీకరు తగిలించకముందే స్విచ్చి వేసి, పాట పెట్టి వాల్యూమ్ పెంచారు. ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్లకు మామూలుగా దానివల్ల ఏమీ కాదు కాబట్టి ఆయనకు అనుమానం రాలేదు. వాల్వులది వేరే సంగతి. స్పీకరు లేకుండా సిగ్నల్ వెళితే, వాల్వులకూ స్పీకరుకూ మధ్య ఉండే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌లో వోల్టేజి విపరీతంగా పెరిగి చుట్టల మధ్య ఇన్సులేషన్ దెబ్బతింటుంది. తప్పు ఆయనది కాదు, నేను చెప్పి ఉండవలసింది. డబ్బు తిరిగి ఇచ్చేశాను కానీ ఆ ట్రాన్స్‌ఫార్మర్‌కు సరిజోడు మళ్లీ దొరకలేదు. అప్పటినుంచి "స్పీకరు తగిలించకుండా స్విచ్చి వేయవద్దు" అని అట్టముక్క మీద రాసి స్విచ్చి పక్కనే అంటించి ఇస్తున్నాను.

రెండోది కొన్నది నెల్లూరు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన పెద్దాయన. పాట వినకముందే "అడుగు తిప్పి చూపించు బాబూ" అన్నారు. తిప్పాను. పాత మైనపు కండెన్సర్ల నుంచి కారిన మరక ఛాసిస్ (భాగాలు బిగించే లోహపు చట్రం) మీద ఇంకా ఉంది, దాని పక్కనే కొత్తవి. ఏవేవి మార్చానో, ఏ విలువ ఉన్నవి వేశానో రాసిన కాగితం, తీసేసిన పాతవాటిని పెట్టిన కవరు ఆయన చేతిలో పెట్టాను. "రేపు దీన్ని ఎవరు విప్పినా ఈ కాగితం దారి చూపిస్తుంది" అన్నారు. బేరమాడలేదు.

ఆ కండెన్సర్లు మార్చడం లోపం కానే కాదు. పాతదాని గుండా కరెంటు లీకైతే అవుట్‌పుట్ వాల్వులో కరెంటును అదుపుచేసే గ్రిడ్‌కు పాజిటివ్ వోల్టేజి చేరి, వాల్వు మోయలేనంత కరెంటు లాగుతుంది. కొనేవారి ముందు గదిలో లైటు తీసేసి ఓ అరగంట పాడించండి. లోపల నారింజ రంగులో వెలిగేది ఫిలమెంటు, అది ఉండవలసిందే. దాని చుట్టూ ఉన్న బూడిదరంగు ప్లేటు, కరెంటు ఎక్కువై ఎర్రబడితే మాత్రం వెంటనే ఆపేసి, అమ్మకం వాయిదా వేసుకోండి.

ధర విషయానికి వస్తే, అంకె చెప్పలేను. నేను ముందు చూసేది ట్రాన్స్‌ఫార్మర్లు అసలువేనా అని. తరువాత వాల్వులు. బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ వారివో, మల్లార్డ్‌వో ఇంకా బలంగా ఉంటే కొత్తవాటి కోసం తీసేయకండి. వాటి కోసమే వెతికేవారున్నారు. విడిభాగాల ఖర్చు కలుపుకోండి. మీరు పడ్డ శ్రమకు మాత్రం పూర్తి వెల రాదు, నాకు ఎప్పుడూ రాలేదు.

మీది ఒకప్పుడు పెళ్లిపందిళ్లలో వాడిన మైకుసెట్టు యాంప్లిఫయర్ అయితే వెనక రాసి ఉన్నది చదవండి. హారన్ల కోసం 100 వోల్టుల లైను ఉంటుంది. ఇంట్లోని 8 ఓముల స్పీకరును దానికి తగిలించకూడదు. 8 ఓముల టెర్మినల్ ఉందో లేదో కొనేవారికి ముందే చెప్పాలి. రెండు పిన్నుల పాత ప్లగ్గే ఉంటే ఎర్తుతో సహా మూడు పిన్నులది వేయించాకే అమ్మండి. లోపల 300 వోల్టులు, ఆపైన కూడా ఉండవచ్చు. ప్లగ్గు తీశాక కూడా ఆ వోల్టేజి కండెన్సర్లలో కొంతసేపు నిలిచి ఉంటుంది. పిల్లలున్న ఇంటికి వెళుతుంటే ఈ మాట రెండుసార్లు చెప్పండి.

వీలైతే చేతికే ఇవ్వండి. పార్సిల్ తప్పనిసరైతే వాల్వులన్నీ తీసి, ఏది ఏ సాకెట్‌లోదో రాసి, గుడ్డలో చుట్టి వేరే డబ్బాలో పంపండి. ట్రాన్స్‌ఫార్మర్ల బరువుకు పెట్టె ఒక్కసారి బోర్లా పడినా గాజు మిగలదు.