విశ్రాంత కణాల్లో హెచ్ఐవీ: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: హెచ్ఐవీ చురుగ్గా విభజన చెందే టి కణాల్లోనే (ఇవి రోగనిరోధక కణాలు) బాగా పెరుగుతుందని పాఠ్యపుస్తకంలో ఉంది. విశ్రాంతిలో ఉన్న టి కణాల్లో దాగి ఉంటుందని, అందుకే మందులతో పూర్తిగా పోదని మరోచోట చదివాను. పెరగలేని కణంలోకి అది ఎలా చేరుతుంది?

జవాబు: రెండూ నిజమే. విశ్రాంత కణంలోకి దూరడం వైరస్‌కు అంత కష్టం కాదు. దూరాక పని పూర్తిచేయడమే కష్టం.

రక్తంలో తిరిగే సీడీ4 టి కణాల్లో అత్యధికం ఎప్పుడు చూసినా విశ్రాంతిలోనే ఉంటాయి. వాటి పైపొర మీదా వైరస్ పట్టుకునే సీడీ4 గ్రాహకం ఉంటుంది. దానితోపాటు వైరస్‌కు సీసీఆర్5 గానీ సీఎక్స్‌సీఆర్4 గానీ, మరో గ్రాహకం కావాలి. ఇంకా ఏ సూక్ష్మజీవినీ ఎదుర్కోని కణాల మీద సీఎక్స్‌సీఆర్4 పుష్కలం, సీసీఆర్5 బహు తక్కువ. ఇంతకు ముందు ఎదుర్కొన్న సూక్ష్మజీవిని గుర్తుంచుకునే జ్ఞాపక కణాల్లో కొన్నిటి మీద సీసీఆర్5 కూడా ఉంటుంది.

పొర దాటగానే ఆక్టిన్ అనే ప్రొటీన్ పోగుల వల అడ్డొస్తుంది. చురుకైన కణంలో ఆ వల ఎప్పటికప్పుడు విడిపోయి అల్లుకుంటుంది, విశ్రాంత కణంలో కదలిక తక్కువ. వైరస్ పైనున్న జీపీ120 ప్రొటీన్ సీఎక్స్‌సీఆర్4ను తాకినప్పుడు లోపలికి ఒక సంకేతం వెళ్లి, ఆక్టిన్‌ను తెంపే కోఫిలిన్ అనే ప్రొటీన్‌ను మేల్కొలుపుతుందని 2008లో తేలింది. అంటే తలుపు తట్టడంతోనే దారి కూడా తెరుచుకుంటోంది.

అసలు చిక్కు ఆ తరువాత. దాదాపు 9,700 అక్షరాల ఆర్‌ఎన్‌ఏను వైరస్ డీఎన్‌ఏగా మార్చుకోవాలి. అందుకు కావలసిన డీఎన్‌టీపీ అణువులు (డీఎన్‌ఏ కట్టడానికి వాడే ఇటుకలు) విభజన లేని కణంలో చాలా తక్కువ. ఉన్నవాటిని కూడా శాంహెచ్‌డీ1 అనే ఎంజైమ్ విరగ్గొడుతుంటుంది. చురుకైన కణంలో గంటల్లో అయ్యే పని ఇక్కడ రెండు మూడు రోజులు సాగుతుంది, చాలాసార్లు మధ్యలోనే ఆగిపోతుంది. హెచ్ఐవీ రెండు రకాల్లో హెచ్ఐవీ-2లో శాంహెచ్‌డీ1ను నాశనం చేసే వీపీఎక్స్ ప్రొటీన్ ఉంది, హెచ్ఐవీ-1లో లేదు.

సగంలో ఆగిన ఈ డీఎన్‌ఏ వల్ల హాని లేదనుకోకండి. ఐఎఫ్ఐ16 అనే ప్రొటీన్ దాన్ని పసిగడితే కాస్పేజ్-1 అనే ఎంజైమ్ పనిచేయడం మొదలై, కణం ఉబ్బి పగిలిపోతుంది. బయటపడ్డ పదార్థాలు వాపు పుట్టించి, ఆ చోటికి మరిన్ని టి కణాలను రప్పిస్తాయి. ప్రయోగశాలలో లింఫ్ కణజాలం మీద చేసిన పరిశోధనల్లో చనిపోయిన సీడీ4 కణాల్లో అత్యధికం ఇలా పోయినవేనని 2014లో ప్రచురితమైంది. వైరస్ పెరిగిన కణాలే చనిపోతాయన్న పాఠం అందువల్ల అసంపూర్ణం.

ఇన్ని అడ్డంకులు దాటి కొద్ది కణాల్లో వైరస్ డీఎన్‌ఏ పూర్తై, ఇంటిగ్రేజ్ అనే వైరస్ ఎంజైమ్ సాయంతో కణం క్రోమోజోములో అతుక్కుంటుంది. లింఫ్ గ్రంథుల్లో ఉండే సీసీఎల్19, సీసీఎల్21, ఐఎల్-7 అనే సంకేత ప్రొటీన్లు ఇందుకు దోహదపడతాయి. ఇంకో దారి కూడా ఉంది, దాగిన వైరస్ నిల్వలో ఎక్కువ భాగం దీని వల్లే ఏర్పడుతుందని చాలామంది శాస్త్రవేత్తల అంచనా: చురుగ్గా ఉన్నప్పుడు వైరస్ సోకిన కణం చనిపోకుండా జ్ఞాపక కణంగా మారి విశ్రాంతిలోకి వెళ్తుంది. వైరస్ జన్యువులను నడిపించే ఎన్ఎఫ్-కప్పా-బి వంటి కణ ప్రొటీన్లు అప్పుడు కేంద్రకంలోకి రావు. వైరస్ తన జన్యువులను జోరుగా నడుపుకోవడానికి వాడే టాట్ ప్రొటీన్ తయారుకాదు, వైరస్ మౌనంగా ఉండిపోతుంది.

ప్రశ్న: నాలుగేళ్లుగా మాత్రలు వాడుతున్నాను, వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ పరిమాణం) పరీక్షలో కనబడటం లేదు. ఇప్పుడు ఆపవచ్చా?

జవాబు: ఆపకండి. ఏఆర్‌టీ (హెచ్ఐవీ చికిత్స) మందులు ప్రధానంగా వైరస్ ఎంజైములను ఆపి, అది కొత్త కణాలకు సోకకుండా అడ్డుకుంటాయి. మౌనంగా ఉన్న వైరస్ ఆ ఎంజైములేవీ వాడదు కాబట్టి దానికి మందు తగలదు. మళ్లీ పెరగగల వైరస్ ఉన్న కణాలు పది లక్షల విశ్రాంత సీడీ4 కణాల్లో సుమారు ఒకటే అయినా, అవి సగానికి తగ్గడానికే దాదాపు 44 నెలలు పడుతుంది. పైగా కొన్ని తమలాంటి కణాలనే పుట్టిస్తూ నిల్వను నింపుతుంటాయి. మాత్రలు మానేస్తే చాలామందిలో రెండు మూడు వారాల్లోనే వైరస్ మళ్లీ రక్తంలో కనిపిస్తుంది. అప్పుడప్పుడూ మానేస్తే మందులకు లొంగని రకాలు తలెత్తవచ్చు. మిల్లీలీటరు రక్తంలో 200 కాపీలకన్నా తక్కువగా నిలిచి ఉన్నంతకాలం లైంగికంగా ఇతరులకు సోకదు. ఆ రక్షణ కూడా మాత్రల వల్లే.

ప్రశ్న: దాగిన కణాలన్నిటినీ ఒకేసారి మేల్కొల్పి చంపలేరా?

జవాబు: ప్రయత్నించారు. వోరినోస్టాట్ అనే మందు ఇచ్చినప్పుడు మౌనంగా ఉన్న కణాల్లో వైరస్ ఆర్‌ఎన్‌ఏ పెరిగిందని 2012లో నివేదించారు, కానీ నిల్వ తగ్గలేదు. మేల్కొన్న కణం తనంతట తాను చావదు, దాన్ని గుర్తించి చంపే సీడీ8 టి కణాలు కూడా బలంగా ఉండాలి. టి కణాలన్నిటినీ గట్టిగా రెచ్చగొడితే ఒంటికే ప్రమాదం.