లీవర్ రైఫిల్‌కు స్కోపు: ఒక కొత్త రచయితకు లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం అందింది, రెండుసార్లు చదివాను. నన్ను ‘మాస్టారూ’ అని సంబోధించావు కనుక చనువు తీసుకుని ‘నువ్వు’ అనే రాస్తున్నాను. పెన్సిల్వేనియా అడవుల్లో జింకల వేటకు వెళ్లే మన తెలుగువాళ్ల కోసం లీవర్ యాక్షన్ రైఫిల్‌కు (ట్రిగ్గర్ కింది మీటను ఆడించి తూటా ఎక్కించే తుపాకీకి) స్కోపు, అంటే గురిచూసే దుర్భిణి, ఎంచుకోవడం, బిగించడం గురించి రాయాలన్న నీ ఆలోచన మంచిదే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంతో మన దేశంలో వేట మూతపడింది కాబట్టి, ఇది అమెరికాలో లైసెన్సు తీసుకుని వేటాడేవారి కోసం రాసినదని మొదట్లోనే ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు వెళ్లు. నా అసలు అభ్యంతరం వేరే ఉంది. నీ వ్యాసంలో మూడు పేజీలు అద్దాల పూతల గురించీ, మాగ్నిఫికేషన్ అంకెల గురించీ నడిచాయి. రైఫిల్ నాలుగో పేజీలో గాని కనబడలేదు. పెళ్లికొడుకు లేకుండానే ఊరేగింపు వీధి చివరిదాకా వెళ్లిపోయింది.

ఏ రైఫిల్ గురించి రాస్తున్నావో, అది పేలిన తూటా డొల్లను ఎటు విసురుతుందో మొదటి పేరాలోనే చెప్పు. మిగిలినవన్నీ దాని వెనకే వస్తాయి. జాన్ బ్రౌనింగ్ రూపొందించిన వించెస్టర్ 1894 మోడల్ డొల్లను నేరుగా పైకి ఎగరేస్తుంది. ఆ కాలంలో గుర్రపు జీను పక్కన వేలాడే తుపాకీ మీద స్కోపు పెట్టుకోవాలని ఎవరికీ తోచలేదు. అలాంటి పాత రైఫిల్ నడినెత్తిన స్కోపు పెడితే, పైకి లేచిన డొల్ల స్కోపు గొట్టానికి తగిలి తిరిగి లోపలే పడి, రెండో తూటాకు అడ్డం కూర్చుంటుంది. అందుకే వాటికి స్కోపును ఎడమ పక్కకు జరిపి బిగిస్తారు, లేదా కంటికి దూరంగా ఉండి చూసేలా తయారుచేసిన ప్రత్యేకమైన స్కోపును బ్యారెల్ మీద ముందుకు పెడతారు. డొల్ల కుడివైపుకు ఏటవాలుగా పోయే ఏర్పాటును వించెస్టర్ 1980ల మొదట్లో గాని తేలేదు. మార్లిన్ అనే మరో కంపెనీ తుపాకీ కథ వేరు. 1948లో వచ్చిన 336 మోడల్‌కు రిసీవర్ (బ్యారెల్ వెనక యంత్రభాగాలుండే ఇనుప పెట్టె) నెత్తి చదునుగా, మూసి ఉంటుంది, డొల్ల కుడి పక్కనుంచి బయట పడుతుంది. 1950ల నడిమి నుంచి ఫ్యాక్టరీలోనే స్కోపు బిగించడానికి పైన రంధ్రాలు తొలిచి, మరలు కోసి ఇస్తున్నారు. చూడటానికి అన్నదమ్ముల్లా ఉండే ఈ రెండు తుపాకులనూ నువ్వు ‘లీవర్ రైఫిల్’ అన్న ఒక్క మాటతో కట్టేశావు. నీ మాట నమ్మి తాతల నాటి వించెస్టర్‌కు స్కోపు కూర్చునే బేస్ కొనుక్కున్న పాఠకుడు నిన్ను క్షమించడు.

ఇక స్కోపు ఎంపిక. ఈ రైఫిళ్లలో వాడే .30-30 రకం తూటాలో 150 గ్రెయిన్ల బరువుండే బులెట్‌ను 100 గజాలకు గురి కుదిర్చితే, 200 గజాల దగ్గర అది సుమారు 8 అంగుళాలు కిందికి దిగుతుంది. పైగా తూటాలు గొట్టపు మ్యాగజైన్‌లో ఒకదాని వెనక ఒకటి నిలుస్తాయి, వెనక తూటా మొన ముందు తూటా ప్రైమర్‌కు (దెబ్బ తగిలితే పేలే అడుగు బిళ్లకు) ఆనుకుని ఉంటుంది కనుక మొన చదునుగానో, గుండ్రంగానో ఉండాలి. మెత్తని మొనతో హార్నడీ కంపెనీ తెచ్చిన తూటాలు ఈ ఇబ్బందిని కొంత తీర్చినా, ఇది ప్రధానంగా చెట్ల మధ్య దగ్గరి దూరాలకు పనికొచ్చే తుపాకీయే. దీని మీద 9 రెట్లు పెంచి చూపే, 50 మిల్లీమీటర్ల ముందు అద్దం గల స్కోపును నువ్వు సిఫారసు చేశావు. నా మటుకు 1.5 నుంచి 4 రెట్లు, లేదా 2 నుంచి 7 రెట్లు చాలు. ముందు భాగం ఉబ్బెత్తుగా లేని 20 మిల్లీమీటర్ల తిన్నని గొట్టమైతే స్కోపును పట్టి ఉంచే తక్కువ ఎత్తు రింగుల్లో రిసీవర్‌కు అంటిపెట్టుకుని కూర్చుంటుంది. ఎత్తు ఎందుకంత ముఖ్యమో కూడా రాయాలి. ఈ రైఫిళ్లలో చాలావాటి స్టాకును తుపాకీ మీది ఇనుప గురి కోసం చెక్కారు. కన్ను రెండు అంగుళాలు పైకి లేస్తే చెంప చెక్కను వదిలి గాల్లో తేలుతుంది. స్టాకు మీద ఒక తోలు ప్యాడ్ తొడిగితే ఆ లోటు తీరుతుంది.

నీ పది పేజీల్లో హ్యామర్ (ట్రిగ్గర్ నొక్కగానే ముందుకు పడి తూటాను పేల్చే సుత్తి) అన్న మాట ఒక్కసారి కూడా లేదు. నన్ను అన్నిటికంటే కలవరపెట్టింది అదే. స్కోపు వెనక భాగం సరిగ్గా హ్యామర్ మీదికి వస్తుంది. డిసెంబరు సాయంత్రం, వెలుగు పోయింది, జింక రాలేదు, తూటా ఛాంబర్‌లో ఉంది, హ్యామర్ ఎత్తి ఉంది. దాన్ని ఇప్పుడు బొటనవేలితో మెల్లగా దించాలి. వేలికి ఉన్ని తొడుగు, చలికి స్పర్శ సగం పోయింది, హ్యామర్‌కూ స్కోపుకూ మధ్య వేలు దూరడమే కష్టం. జారిందా, తుపాకీ పేలుతుంది. దీనికి విరుగుడు హ్యామర్‌కు పక్కగా తగిలించే చిన్న ఇనుప బొడిపె. ఒక సన్నని స్క్రూతో బిగుస్తుంది, కుడిచేతివాటమైతే కుడివైపు, ఎడమచేతివాటమైతే ఎడమవైపు. ఆ స్క్రూ కాల్పుల అదురుకు వదులవుతుందని, వేటకు వెళ్లే ప్రతి ఉదయం వేలితో కదిపి చూడాలని కూడా రాయి. దించే పద్ధతిని వరసగా చెప్పు: తుపాకీ గొట్టం కొనను సురక్షితమైన దిక్కుకు తిప్పి, బొటనవేలితో బొడిపెను గట్టిగా పట్టి, ట్రిగ్గర్ నొక్కి, హ్యామర్ కదలగానే ట్రిగ్గర్ వదిలేస్తే, హ్యామర్ సగం మెట్టు (పూర్తిగా పడకుండా నడుమ పట్టి ఉంచే గాడి) దగ్గర ఆగుతుంది. దీన్ని ఖాళీ తుపాకీతో ఇంట్లో చాలాసార్లు చేసి చూశాకే రాయి. చేతికి తెలియనిది రాసినప్పుడు క్రియాపదాలు తడబడతాయి.

బిగించడం గురించి నువ్వు ‘స్క్రూలను గట్టిగా బిగించవలెను’ అని ఒక్క వాక్యంలో తేల్చేశావు. నేను వాడిన 336ను పాతదిగా కొన్నాను, స్కోపు ఒక దుకాణంలో బిగించి ఇచ్చారు. మూడు పెట్టెల తూటాలు కాల్చినా రంధ్రాలు కాగితం మీద ఒకచోట కుదురుకోలేదు. తప్పు నా చేతిదేనని నెల రోజులు బాధపడి, చివరికి అన్నీ ఊడదీశాను. బేస్ ముందు స్క్రూ ఉండాల్సిన దానికంటే కొంచెం పొడవుంది. తల బేస్‌ను నొక్కకముందే కొన రంధ్రం అడుగు తాకి ఆగిపోయింది. స్క్రూ బిగిసింది, బేస్ బిగియలేదు. అందుకని ముందు స్క్రూల పొడవు చూడమని చెప్పు. తరువాత రంధ్రాల్లోని నూనెను స్పిరిట్‌తో తుడవాలి, బేస్ స్క్రూలకు వదులవకుండా పట్టి ఉంచే నీలం రంగు లాక్‌టైట్ జిగురు చుక్క వేయాలి, బిగింపును కొలిచే టార్క్ రెంచ్‌తో తయారీదారు కాగితంలో చెప్పినంతే బిగించాలి. సాధారణంగా అది 15 నుంచి 20 అంగుళ-పౌండ్ల మధ్య ఉంటుంది. రింగుల మూతలను మాత్రం ఒక పక్కే బిగించకుండా, రెండు వైపులా సందు సమానంగా ఉండేలా మూలమూలకూ మార్చి బిగించాలి. అడ్డగీత, నిలువుగీత వాలకుండా ఉండటానికి, గోడ నిలువు చూడటానికి తాపీ మేస్త్రి వేలాడదీసే గుండును దూరంగా ఒక కొమ్మకు కట్టి, ఆ దారానికి స్కోపులోని నిలువుగీతను కలిపితే చాలు.

మాటల విషయం కూడా ఇక్కడే చెబుతాను. ఐ రిలీఫ్‌ను నువ్వు ‘నేత్ర ఉపశమనం’ అని రాశావు. అది కంటి చుక్కల సీసా మీద ఉండవలసిన మాట. కంటికీ స్కోపుకూ ఉండవలసిన ఎడం అని చెబితే చదివేవాడికి వెంటనే అర్థమవుతుంది. రికాయిల్‌కు నువ్వు వాడిన ‘ప్రతిగమన బలం’ కూడా తీసెయ్యి. తుపాకీ తంతుంది, అంతే. ఆ ఎడం మూడున్నర, నాలుగు అంగుళాలు ఉండాలి. దాన్ని స్కోపును అత్యధిక మాగ్నిఫికేషన్‌లో పెట్టి, వేటలో వేసుకునే మందపాటి కోటు తొడుక్కునే సరిచూడాలి, ఎందుకంటే కోటు మందానికి తల వెనక్కి జరుగుతుంది. కళ్లు మూసుకుని తుపాకీ భుజానికి ఆనించి, చెంప చెక్కకు చేర్చి కళ్లు తెరిస్తే, అంచున నల్లని నెలవంక లేకుండా బొమ్మ నిండుగా కనబడాలి. నేను ఒక స్నేహితుడి .45-70 రైఫిల్‌తో ఈ జాగ్రత్త తీసుకోలేదు. కనుబొమ మీద ఆ గీత ఇప్పటికీ ఉంది. మనవరాలు దాన్ని వేలితో తడిమి నవ్వుతుంది.

గురి కుదర్చడంలో నువ్వు రాసిన లెక్క తప్పు. పావు మినిట్ క్లిక్కుల స్కోపులో (గురి మార్చే మరను ఒక్కో క్లిక్కు తిప్పితే పావు మినిట్ కోణం జరిగే స్కోపులో) నాలుగు క్లిక్కులకు అంగుళం జరిగేది 100 గజాల దగ్గర. నువ్వు పాఠకుణ్ణి మొదట 25 గజాల దగ్గర నిలబెట్టావు. అక్కడ అంగుళం జరగాలంటే 16 క్లిక్కులు తిప్పాలి. మార్లిన్‌లో మరో సౌకర్యం ఉంది, దాన్ని వదిలేశావు. తుపాకీ ఖాళీగా ఉందని చూసుకుని, లీవర్‌ను సగం తెరిచి దాని స్క్రూ ఒక్కటి తీస్తే లీవర్ ఊడుతుంది, బోల్టు (తూటాను వెనకనుంచి మూసే కడ్డీ) వెనక్కి జారి బయటికి వస్తుంది. అప్పుడు తుపాకీని ఇసుక సంచుల మీద కదలకుండా పెట్టి, బ్యారెల్ గొట్టంలోంచి టార్గెట్ నడుమ చుక్కను చూస్తూ, స్కోపు గీతలను అదే చుక్క మీదికి తేవచ్చు. తూటా ఖర్చు లేకుండానే మొదటి దెబ్బ కాగితం మీద పడుతుంది. బోల్టుతో పాటు డొల్లను బయటికి విసిరే ఎజెక్టర్ అనే చిన్న రేకు కూడా వదులై జారుతుంది. కింద ఒక తెల్ల గుడ్డ పరుచుకోమని రాయి. నేను గ్యారేజీ నేల మీద టార్చిలైటుతో గంటసేపు వెతికాను.

తిరగరాసి పంపేటప్పుడు నీ 25 గజాల టార్గెట్ కాగితం ఫోటో కూడా జత చెయ్యి. మొదటి మూడు రంధ్రాలు ఎక్కడ పడితే అక్కడే చూపించు, మంచి కాగితం కోసం మళ్లీ కాల్చకు.

ఇట్లు,
మీ మాస్టారు