స్పీచ్ థెరపీ చదివి అమెరికా వస్తున్నారా, సూట్‌కేస్ కన్నా ముందు ఫైల్ సర్దుకోండి

ఈ మధ్య వరసగా ముగ్గురు అమ్మాయిలు ఒకే మాట అడిగారు, హైదరాబాద్‌లో బీఏఎస్ఎల్పీ, ఎంఏఎస్ఎల్పీ (స్పీచ్, వినికిడి థెరపీలో డిగ్రీ, మాస్టర్స్) చేశాం అక్కా, పెళ్లయ్యి హెచ్-4 (భర్త వర్క్ వీసా మీద వచ్చే డిపెండెంట్ వీసా) మీద టెక్సస్ వస్తున్నాం, ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉంది కదా దాంతో ఉద్యోగంలో చేరొచ్చా అని. చేరలేరమ్మా. ఆర్‌సీఐ నంబర్ మన దేశం వరకే. ఇక్కడ దేశం మొత్తానికి ఒక్క లైసెన్స్ లేదు, ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రమే ఇస్తుంది, టెక్సస్‌లో అయితే టీడీఎల్ఆర్ అనే డిపార్ట్‌మెంట్, కాలిఫోర్నియాలో దీనికంటూ వేరే బోర్డు. కాలిఫోర్నియాలో గవర్నమెంట్ స్కూల్లో పని చెయ్యాలంటే టీచర్ల కమిషన్ ఇచ్చే క్రెడెన్షియల్ సంగతి కూడా చూసుకోవాలి. అందుకే ముందు ఏ రాష్ట్రంలో దిగుతున్నారో చూసుకుని ఆ బోర్డు రూల్స్ చదవండి.

చాలామంది ఆషా (అమెరికాలో స్పీచ్, వినికిడి నిపుణుల సంఘం) సర్టిఫికెట్ వస్తే అయిపోయినట్టే అనుకుంటారు. ఆషా ఇచ్చే సీసీసీ అనేది ప్రొఫెషనల్ సర్టిఫికెట్, పని చెయ్యడానికి పర్మిషన్ మాత్రం కాదు. కాకపోతే చాలా రాష్ట్రాల రూల్స్ దానికి దగ్గరగానే ఉంటాయి కాబట్టి దాని లెక్క ప్రకారం తయారైతే మీ కష్టం వృథా పోదు. కెనడా, యూకే, ఐర్లాండ్, ఆస్ట్రేలియా, న్యూజీలాండ్ వాళ్లకి ఆషాతో ఒప్పందం ఉంది, మనకి లేదు, సో మన చదువు వాళ్ల చదువుకి సమానమేనని కాగితాల మీద మనమే చూపించాలి.

అసలు కష్టమంతా క్లినికల్ అవర్స్ దగ్గరే. ఆషాకి మొత్తం 400 గంటలు కావాలి, అందులో 25 అబ్జర్వేషన్, మిగతా 375 పేషెంట్‌తో నేరుగా చేసినవి, పైగా 325 మాస్టర్స్‌లో చేసినవే అయ్యుండాలి. అంటే డిగ్రీలో ఎంత చేసినా లెక్కకొచ్చేది కొంచెమే. మా కాలేజీ వాళ్లు నాకు ఇన్ని గంటలు చేసింది అని ఒక్క లైన్ లెటర్ ఇచ్చారు, అది తిరిగొచ్చేసింది, పిల్లలవెన్ని, పెద్దవాళ్లవెన్ని, అసెస్‌మెంట్ ఎంత, థెరపీ ఎంత, ఆడియాలజీవి (వినికిడికి సంబంధించినవి) విడిగా ఎన్ని అని అడిగారు. అప్పటికి మా సూపర్‌వైజర్ మేడమ్ ఉద్యోగం మారి దుబాయ్ వెళ్లిపోయారు, ఆవిడ్ని పట్టుకుని సంతకం పెట్టించుకునేసరికి ఏడు నెలలు. ఆ ఏడు నెలలూ నేను ఇంట్లో కూర్చుని ఎంత ఏడ్చానో నాకే తెలుసు, అందుకే చెప్తున్నా, టికెట్ బుక్ చేసేముందే లాగ్‌బుక్ ఇలా విడదీసి టైప్ చేయించి సంతకం, స్టాంప్ వేయించండి, ప్రతి సెమిస్టర్ సిలబస్ కాపీ తీసుకోండి, యూనివర్సిటీ నుంచి సీల్డ్ ట్రాన్స్‌క్రిప్ట్స్ రెండు మూడు సెట్లు ఎక్కువే పెట్టుకోండి.

ఇంకోటి, స్టాటిస్టిక్స్ విడి సబ్జెక్టుగా ఉండాలంటారు, రీసెర్చ్ పేపర్‌లో కలిపి చదివుంటే ఒప్పుకోకపోవచ్చు. బయాలజీ, ఫిజిక్స్ లేదా కెమిస్ట్రీ, సోషల్ సైన్స్ కూడా చూస్తారు. లేకపోతే భయపడకండి, ఇక్కడ కమ్యూనిటీ కాలేజీలో ఒక్కో కోర్సు తీసుకోవచ్చు.

తర్వాత ఆషా సర్టిఫికెట్‌కి రాయాల్సిన ప్రాక్సిస్ పరీక్ష, కోడ్ 5331, 132 ప్రశ్నలు, రెండున్నర గంటలు, 162 వస్తే పాస్. మన సిలబస్ గట్టిదే, కష్టపడితే వస్తుంది. దాని తర్వాత క్లినికల్ ఫెలోషిప్, అంటే సీనియర్ థెరపిస్ట్ పర్యవేక్షణలో పని, కనీసం 36 వారాలు, 1260 గంటలు. దీనికీ చాలా రాష్ట్రాల్లో ముందుగా టెంపరరీ లైసెన్స్ కావాలి, టెక్సస్‌లో ఇంటర్న్ లైసెన్స్ అంటారు, అది చేతికి రాకుండా మొదలుపెట్టొద్దు.

ఆడియాలజీ వాళ్లకి దారి వేరు. మన దగ్గర రెండూ కలిపి చదువుతాం గానీ ఇక్కడ రెండు వేర్వేరు వృత్తులు, రెండు లైసెన్సులు. ఆడియాలజిస్ట్ అవ్వాలంటే ఇప్పుడు ఏయూడీ అనే డాక్టరేట్ ఉండాలి, మామూలుగా నాలుగేళ్లు, ఖర్చు కూడా ఎక్కువే, ఇంట్లో కూర్చుని మాట్లాడుకుని తేల్చుకోండి. బీఏఎస్ఎల్పీ ఒక్కటే ఉన్నవాళ్లు టెక్సస్‌లో స్పీచ్ థెరపీ అసిస్టెంట్ లైసెన్స్‌కి ప్రయత్నించొచ్చు, లైసెన్స్ ఉన్న థెరపిస్ట్ కింద పని చెయ్యాలి. నన్నడిగితే అది చిన్న పని కాదు, పిల్లలతో కూర్చునే సమయం అందులోనే ఎక్కువ.

లైసెన్స్ వచ్చినా వర్క్ పర్మిట్ లేకపోతే పని చెయ్యకూడదు. హెచ్-4 వాళ్లకి ఈఏడీ (అంటే ఆ వర్క్ పర్మిట్) రావాలంటే మామూలుగా మీవారి ఐ-140 (గ్రీన్ కార్డు కోసం కంపెనీ వేసే పిటిషన్) అప్రూవ్ అయ్యుండాలి. మీకే సొంతంగా హెచ్-1 (వర్క్ వీసా) స్పాన్సర్ దొరికితే మీ చదువు, అర్హతలు తనిఖీ చేసి ఇచ్చే వీసా స్క్రీన్ అనే సర్టిఫికెట్ కూడా అడుగుతారు, దానికి టైమ్ పడుతుంది, ముందే అప్లై చెయ్యండి.

ఇండియా నుంచే ఆన్‌లైన్‌లో ఇక్కడి పిల్లలకి థెరపీ ఇస్తాం అనేవాళ్లకి కూడా ఒక మాట, బిడ్డ ఏ రాష్ట్రంలో కూర్చుని ఉంటే ఆ రాష్ట్రం లైసెన్స్ మీకు ఉండాలి. మీవారి ప్రాజెక్ట్ మారి డాలస్ నుంచి న్యూజెర్సీ వెళ్లినా అంతే, అక్కడ మళ్లీ అప్లికేషన్, మళ్లీ ఫీజు, అందుకే ఆ ఫైల్ స్కాన్ చేసి మెయిల్‌లో ఒకటి, అమ్మ దగ్గర ఒకటి ఉంచండి.