క్లచ్ ప్లేటు వేసేముందు గ్రీజు డబ్బా కాస్త దూరంగా పెట్టు

చిరంజీవి అల్లుడికి, జయపురం నుంచి మావయ్య రాసేది.

పర్లాకిమిడిలో షెడ్డు బాగానే నడుస్తోందని మీ అమ్మ చెప్పింది, సంతోషం. మొన్న ఫోన్లో క్లచ్ పనిలో గ్రీజు ఎక్కడెక్కడ పెట్టాలి మావయ్యా అని అడిగావు. పక్కన ఇంజను మోగుతుంటే చెప్పే సంగతి కాదది, అందుకే రాస్తున్నా. అసలు నువ్వు అడగాల్సింది ఎక్కడ పెట్టాలని కాదు, ఎక్కడ పెట్టకూడదని. పెట్టాల్సిన చోట్లు నాలుగైదు ఉంటాయంతే. తక్కినదంతా పొడిగా, శుభ్రంగా ఉండాలి.

మా దగ్గరికి సాలూరు నుంచి సుంకి ఘాట్ ఎక్కి వచ్చే బళ్ళు ఎక్కువ. ముందు లోడు లారీ పాకుతుంటే వెనకాల బండి పెడల్ సగం తొక్కి హాఫ్ క్లచ్ మీదే మలుపులన్నీ ఎక్కుతుంది. ప్లేటు ఎంత వేడెక్కుతుందో, కొండ దిగాక వచ్చే మాడు వాసనే చెబుతుంది. నీకూ మోహన, ఆర్.ఉదయగిరి వైపు కొండ రోడ్ల బళ్ళు తగులుతాయి. మైదానంలో చెల్లిపోయే చిన్న పొరపాటు ఈ రోడ్ల మీద చెల్లదు.

ముందు స్ప్లైన్ల సంగతి. గేర్‌బాక్సు ఇన్‌పుట్ షాఫ్టు మీద ఉండే ఆ పళ్ళ మీదే క్లచ్ ప్లేటు కూర్చుంటుంది. పెడల్ తొక్కిన ప్రతిసారీ అది కొద్దిగా ముందుకీ వెనక్కీ జరగాలి. అక్కడ తుప్పు పట్టినా, పాత గ్రీజు ఎండి గట్టిపడినా ప్లేటు ఇరుక్కుపోతుంది. క్లచ్ పూర్తిగా వదలదు, రివర్సు వేస్తే గరగరమంటుంది. అందుకని షాఫ్టుని బ్రష్షుతో, బ్రేక్ క్లీనర్‌తో బాగా తోమి తుడువు. తరవాత గ్రీజు లేకుండానే కొత్త ప్లేటు ఎక్కించి చూడు. పొడిగానే సాఫీగా జరగాలి. జరక్కపోతే పళ్ళు దెబ్బతిన్నాయో, వేరే బండి ప్లేటు ఇచ్చారో చూసుకోవాలి గానీ గ్రీజుతో సర్దుకోకూడదు.

అప్పుడు గ్రీజు. పెనం మీద ఉల్లిపాయ చెక్కతో నూనె రాసినట్టు ఉండాలి, అంతకన్నా ఎక్కువ వద్దు. పళ్ళ పొడవునా పల్చగా రాసి, ప్లేటుని రెండు మూడుసార్లు ఎక్కించి తీయి. ప్లేటు నడిమి భాగం, అదే హబ్, దాని అంచున గ్రీజు చుట్టలా పేరుకుంటుంది, దాన్ని గుడ్డతో పూర్తిగా తుడిచెయ్యి. షాఫ్టు తడిగా మెరవాలి గానీ గ్రీజు ముద్ద ఎక్కడా కనబడకూడదు. ఇంత చాదస్తం ఎందుకంటే, ఇంజను 3000 ఆర్‌పీఎంలో ఉంటే ప్లేటు సెకనుకి 50 చుట్లు తిరుగుతుంది. మిగిలిన గ్రీజు వేడికి పల్చబడి, ఆ ఊపుకి విసిరినట్టు వెళ్ళి ప్లేటుకి పట్టునిచ్చే లైనింగ్ మీద పడుతుంది. ఆ తరవాత క్లచ్ జారుతుంది, లేదా బండి కదిలేటప్పుడు గడగడా వణుకుతుంది. గ్రీజు తక్కువైతే ఆ ఫలితం చాన్నాళ్ళకి గానీ కనబడదు. ఎక్కువైతే మాత్రం బండి త్వరలోనే నీ షెడ్డు ముందు ఆగుతుంది.

కొన్ని ప్లేట్లకి హబ్ లోపల నికెల్ పూత ఉంటుంది, వెండిలా తెల్లగా మెరుస్తుంది. వాటికి అసలు గ్రీజు పెట్టకూడదు. కిట్‌తో వచ్చే కాగితంలో రాసే ఉంటుంది. మన కుర్రాళ్ళు ఆ కాగితాన్ని చేతులు తుడుచుకోడానికి వాడతారు, నువ్వు మాత్రం ముందు చదువు. నీ హెల్పరు ఒడియా వాడైతే వాడికి ఒడియాలోనే విడమరచి చెప్పు. తలూపాడు కదా అని అర్థమైందనుకోకు.

ఏ గ్రీజు అంటే, కిట్‌లో చిన్న సాచె వస్తే అదే వాడు, వెతకొద్దు. రాకపోతే వేడికి ఆగే మంచి లిథియం గ్రీజు తీసుకో. చాసిస్‌కి కొట్టే చవక కాల్షియం గ్రీజు 100 డిగ్రీల దగ్గరే కరిగి కారిపోతుంది. లిథియం గ్రీజు సుమారు 180 డిగ్రీల దాకా కరిగి కారదు. మాలిబ్డినం కలిపిన నల్లటి మాలీ గ్రీజు గురించి ఒక్కో కంపెనీ ఒక్కో మాట చెబుతుంది. కొందరు వాడమంటారు, కొందరు గట్టి రేణువులున్న గ్రీజు ఏదీ స్ప్లైన్లకి వద్దంటారు. బండి కంపెనీ మాటే ఖాయం చేసుకో. కాపర్ పేస్టు మాత్రం క్లచ్ దరిదాపులకి రానివ్వకు.

పెడల్ తొక్కితే ముందుకి జరిగి క్లచ్‌ని వదిలించే రిలీజ్ బేరింగ్‌కి లోపల గ్రీజు నింపే సీల్ చేసి పంపుతారు. మన షెడ్లలో ఓ పాడు అలవాటుంది, విప్పిన ప్రతి సామానూ కిరసనాయిలు ట్రేలో పడేస్తాం. బేరింగ్‌ని అందులో ముంచావంటే లోపలి గ్రీజు కరిగి బయటికి వచ్చేస్తుంది, పైకి మాత్రం కొత్తదానిలా తళతళలాడుతుంది. పొడిగుడ్డతో తుడిస్తే చాలు. గేర్‌బాక్సు దించాక పాత బేరింగే మళ్ళీ వేద్దామనే కస్టమర్లుంటారు, ఒప్పుకోకు. బేరింగ్ జారే గొట్టం సంగతి వేరు. ఇనుము మీద ఇనుము జారితే పల్చగా ఒక పూత, బేరింగ్ లోపలి భాగం ప్లాస్టిక్ అయితే మామూలుగా ఏమీ అక్కర్లేదు.

నీ చెయ్యి కాస్త ధారాళంగా ఉండొచ్చనేది ఆ బేరింగ్‌ని తోసే ఫోర్కు దగ్గరే. ఫోర్కు ఆనే బాల్ మీద, బేరింగ్‌ని పట్టుకునే రెండు వేళ్ళ మీద బఠాణీ గింజంత పెట్టు. కొన్ని మారుతి బళ్ళలో ఫోర్కు అడ్డంగా ఉండే షాఫ్టుకే ఉంటుంది, ఆ షాఫ్టు బుష్‌లలో తిరుగుతుంది. ఆ బుష్‌లకీ రాయి. ఇవి ఎండితే పెడల్ బరువెక్కుతుంది, తొక్కినప్పుడు కిర్రుమంటుంది.

బొలెరో లాంటి వెనక చక్రాలు తిప్పే బళ్ళకి సాధారణంగా ఇంజను వైపు, ఇన్‌పుట్ షాఫ్టు కొసని మోసే పైలట్ బేరింగ్ ఉంటుంది. అది సీల్డ్ అయితే ముట్టుకోకు, నీడిల్ బేరింగ్ అయితే కొంచెం గ్రీజు చాలు. ఇత్తడిలా కనబడే కంచు బుష్ అయితే గ్రీజు పెట్టొద్దు, దాని సన్నటి రంధ్రాలు పూడిపోతాయి. బిగించే ముందు ఇంజన్ ఆయిల్లో కాసేపు నానబెట్టు, తాగాల్సినంత తాగుతుంది.

బేరింగ్‌తో కలిసే హైడ్రాలిక్ సిలిండర్ ఉండే బళ్ళలో ఆ రబ్బరు సీళ్ళకి గ్రీజు గానీ ఇంజన్ ఆయిల్ గానీ తగలకూడదు, ఉబ్బిపోతాయి. వాటికి బ్రేక్ ఫ్లూయిడ్ ఒక్కటే. కేబుల్ క్లచ్ అయితే, లోపల నైలాన్ పొర ఉన్న కేబుల్లో ఆయిల్ పోయక్కర్లేదు, పోస్తే దుమ్ము పట్టి ఇంకా బిగుసుకుంటుంది.

ఇక గ్రీజు పొరపాటున కూడా తగలకూడనివి ఇంజనుతో తిరిగే ఫ్లైవీల్ ముఖం, క్లచ్ ప్లేటుని దానికి అదిమే ప్రెషర్ ప్లేటు ముఖం, లైనింగ్. కొత్త ప్రెషర్ ప్లేటు మీద తుప్పు పట్టకుండా నూనె పూసి పంపుతారు, దాన్ని బ్రేక్ క్లీనర్‌తో తుడవకుండా బిగించేవాళ్ళే ఎక్కువ. ప్లేటు ముట్టుకునే ముందు చేతులు సబ్బుతో కడుక్కో. పాత ప్లేటు దుమ్ముని గాలి గొట్టంతో ఊదొద్దు, పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు. ముక్కుకి మాస్కు కట్టుకుని తడిగుడ్డతో తుడువు.

ఓసారి పొట్టంగి వైపు నుంచి ఒక పికప్ వచ్చింది. వేరే షెడ్డులో కొత్త ప్లేటు వేయించాడట, ఎత్తు ఎక్కడం లేదు. కంపెనీ ప్లేటే బాలేదని డ్రైవరు తిట్టుకుంటున్నాడు. దించి చూస్తే హబ్ దగ్గర్నుంచి బయటికి చారలు చారలుగా గ్రీజు. అలా చారలుంటే స్ప్లైన్లకి పులిమారని అర్థం. ఫ్లైవీల్ వెనక తడిసి ఇంజన్ ఆయిల్ నల్లగా కారుతుంటే క్రాంక్ ఆయిల్ సీల్ పోయింది. క్లచ్‌ని కప్పే బెల్ హౌసింగ్ లోపల గేర్‌బాక్సు వైపు తడిగా ఉండి, గంధకం వాసన కొడితే గేర్‌బాక్సు ముందరి సీల్. ఈ మూడూ వేరు చేసి చూడ్డం నేర్చుకో. లేకపోతే ఎన్ని ప్లేట్లు మార్చినా అదే గోల. సీళ్ళు మారిస్తే ఖర్చని కస్టమరు గొణుగుతాడు, తడి కనబడితే మార్చాల్సిందే. ఆయిల్ తాగిన లైనింగ్‌ని పెట్రోల్‌తో కడిగి మళ్ళీ వేసే పని మాత్రం వద్దు. పైకి పొడిగా కనబడుతుంది, వేడెక్కాక లోపలి నూనె మళ్ళీ పైకి తేలుతుంది.

గేర్‌బాక్సు ఎక్కించేటప్పుడు దాని బరువు ప్లేటు మీద వేలాడనీయకు, హబ్ వంగితే పడిన శ్రమంతా వృథా. కింద జాకీ ఉండాలి, గేర్‌బాక్సుని సరిగ్గా కూర్చోబెట్టే డోవెల్ పిన్నులు వాటి చోట ఉన్నాయో లేదో చూసుకో. యాక్సిళ్ళు లాగినప్పుడు గేర్ ఆయిల్ కారిపోతుంది, బండి పుస్తకంలో ఉన్న గ్రేడే పొయ్యి.

విశ్వకర్మ పూజకి నీ షెడ్డుకి వస్తాను. నా దగ్గర ప్లేటుని సరిగ్గా నడిమికి సర్దే క్లచ్ అలైన్‌మెంట్ టూల్స్ ఓ రెండు పడున్నాయి, తెచ్చిస్తా. కొనకు.

నీ మావయ్య