గంట కొట్టేది ఎవరు?

తమ్ముడూ,

మీ మందిరంలోని వస్తువుల మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. చెయ్యి పడేచోట గంటతాడు నల్లబడి నున్నగా అయిందన్నావే, ఆ వాక్యం బాగుంది. మిగతాది చదువుతుంటే కోపం వచ్చింది.

ఒంగోలు దగ్గర పల్లెలో పాత బాప్టిస్టు మందిరం అని చెప్పి, గుమ్మం పక్కన పాలరాతి బాప్తిస్మపు గిన్నె పెట్టావు. బాప్తిస్మమిచ్చేటప్పుడు బాప్టిస్టులు నీళ్లు చిలకరించరు, మనిషిని నీళ్లలో ముంచుతారు. వాళ్లకి కావలసింది తొట్టి, అది లేకపోతే ఏరో చెరువో. అంటే ఏదో సినిమాలో చూసిన చర్చిని తెచ్చి మీ మందిరానికి అతికించావు, కళ్లెదుట ఉన్నది వదిలేసి.

1878 జులై 3న గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారని ఒక్క ముక్కలో తేల్చేశావు. అంతకుముందు రెండేళ్లు కరువు. ఒంగోలు అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వే కాంట్రాక్టు తీసుకుని జనానికి పని చూపించాడు, కూలి కోసం మతంలోకి వచ్చారన్న మాట పడకూడదని అన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. వచ్చినవాళ్లలో ఎక్కువమంది మాదిగలు. ఊళ్లో ఏ గుడి గడపా తొక్కనివ్వని మనుషులు తమకంటూ ఒక గడప కట్టుకున్నారు. ఆ సంగతి లేకుండా బెంచీల గురించి ఎంత రాసినా అది సామాన్ల జాబితానే.

ఏ వస్తువు గురించి రాసినా దాన్ని వాడిన చెయ్యి కనపడాలి, నా పట్టుదల అదొక్కటే. మా అమ్మ అన్నానికి బియ్యం కొలిచినప్పుడల్లా ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసేది. ఆదివారం ఆడవాళ్లంతా ఆ పిడికిలి బియ్యం తెచ్చి మందిరంలో పాస్టరు ముందుండే బల్ల దగ్గర గంపలో పోసేవాళ్లు, ఆ బియ్యం అమ్మితే వచ్చిన డబ్బుతోనే మా మందిరానికి పెట్రోమాక్స్ లైటు వచ్చింది. నా మొదటి కథ ఆ లైటు మీదే. ఓ వారపత్రిక ఎడిటరు బియ్యం సంగతంతా కొట్టేసి, చివర్లో ఒక స్వస్థత అద్భుతం కలిపి క్రిస్మస్ సంచికలో వేశాడు. ముప్పై ఏళ్లయినా ఆ మంట చల్లారలేదు. డిసెంబరు దాటితే మన మందిరాలు ఈ పత్రికలవాళ్లకి గుర్తే ఉండవు.

ఎక్కడికి పంపాలని అడిగావు. ఇప్పుడే పంపకు. మామూలు రోజున, జనం లేనప్పుడు మందిరానికి వెళ్లు. బల్ల కింద వంగి చూడు, చేయించినవాళ్ల పేరు చెక్కి ఉండొచ్చు. చాపల మీద కూర్చున్న రోజులు గుర్తున్న ముసలమ్మ ఎవరైనా ఉంటే, మొదటి బెంచీ ఎవరిచ్చారో, దాని మీద ముందు ఎవరు కూర్చున్నారో అడుగు. తాడు గురించి అంత బాగా రాశావు గానీ, అది లాగే మనిషి నీ వ్యాసంలో ఎక్కడా లేడు. ఆయనతో ఒక పూట కూర్చుని మళ్లీ రాసి పంపు, చదువుతాను.